పేట్లబుర్జులో తల్లి, నీలోఫర్‌లో బిడ్డ

నెలలు నిండకుండా పుట్టిన పసికందుకు తల్లిపాలే మొదటి మందు. పాతబస్తీలో ఆ పాలు బిడ్డ నోటిదాకా చేరేలోపు ఎన్ని మలుపులో!

"ఏడో నెలలో పుట్టిన పిల్ల బతుకుతుంది గానీ ఎనిమిదో నెలలో పుడితే దక్కదు" అని మన ఊళ్లలో ఓ మాట ఉంది. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లోనూ ఇదే మాట ఉర్దూలో వినిపిస్తుంది. ఏడు నెలలకే పుట్టినవాణ్ని అక్కడ 'సత్వాసా' అంటారు. హిందూ అవ్వలూ ముస్లిం నానమ్మలూ కలిసికట్టుగా నమ్మే ఈ మాట శుద్ధ తప్పు. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు లాభమే. 37 వారాలు నిండకముందే పుడితే నెల తక్కువ బిడ్డ. 32 వారాల లోపయితే గండం పెద్దది, 28 వారాల లోపయితే మరీ పెద్దది. ఎనిమిదో నెల బిడ్డకి ఏడో నెల బిడ్డ కన్నా బతికే వీలు ఎప్పుడూ ఎక్కువే. ఆ బిడ్డ దక్కలేదంటే తప్పు నెలది కాదు. వెచ్చదనం, ఊపిరి, పాలు... ఈ మూడింట్లో ఏదో ఒకటి వేళకు అందలేదన్నమాట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్కల ప్రకారం 2020లో ప్రపంచం మొత్తమ్మీద 1.34 కోట్ల మంది నెలలు నిండకుండా పుట్టారు. అందులో 30 లక్షల మంది మన దేశం బిడ్డలే. ఏ దేశంలోనూ ఇంత సంఖ్య లేదు. వెచ్చదనానికి వార్మర్లు వచ్చాయి, ఊపిరికి యంత్రాలు వచ్చాయి. అన్నిటికన్నా చవకైనది, కొనక్కర్లేనిది మూడోది. అందకుండా పోతున్నదీ అదే.

మూసీకి అటూ ఇటూ

పాతబస్తీలో కాన్పు అనగానే ముందు గుర్తొచ్చేది పేట్లబుర్జు ప్రసూతి ఆస్పత్రి. పాతకాలం వాళ్లకి అది ఇప్పటికీ 'జజ్గీఖానా'యే. హైకోర్టు పక్కన ఘాన్సీబజార్‌లో ఉన్న విక్టోరియా జనానా ఆస్పత్రికి అది వారసురాలు. ఆ పాత ఆస్పత్రికి 1906లో హైదరాబాద్ వచ్చిన వేల్స్ యువరాణి శంకుస్థాపన చేసింది. పరదా దాటని ఆడవాళ్లను కాన్పుకి ఇల్లు దాటించడమే ఆనాటి పెద్ద పని. ఆ పని ఎప్పుడో అయిపోయింది. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పథకం మొదలైందీ పేట్లబుర్జులోనే. బహదూర్‌పురా, కిషన్‌బాగ్, తలాబ్‌కట్ట, ఫలక్‌నుమా నుంచే కాదు, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ పల్లెల నుంచీ ఇక్కడికి వస్తారు. వార్డులో ఒక మంచం మీద దక్కనీ ఉర్దూ, పక్క మంచం మీద తెలంగాణ తెలుగు, ఆ పక్కన లంబాడీ.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. మెచ్చుకోవాల్సిందే. అదే సర్వేలో ఇంకో రెండు అంకెలున్నాయి. నూటికి 60 కాన్పులు కోతలు. పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన బిడ్డలు నూటికి 37 మందే. ఆస్పత్రి గడప తొక్కించాం గానీ, లోపల ఆ మొదటి గంటలో ఏం జరగాలో చూసుకోలేదు. నెలలు నిండిన బిడ్డ సంగతే ఇలా ఉంటే, కిలోన్నర కూడా లేని బిడ్డ సంగతి చెప్పాలా?

అలాంటి బిడ్డకి ఊపిరి అందకపోతే, పుట్టినచోట తట్టుకోలేకపోతే, పాతబస్తీ వాళ్లు పట్టే దారి ఒకటే... నీలోఫర్ పిల్లల ఆస్పత్రి. ప్రభుత్వాస్పత్రి నుంచైనా, శాలిబండలోనో యాకుత్‌పురాలోనో ఉన్న నర్సింగ్ హోం నుంచైనా అంతే. పేట్లబుర్జు నుంచి మూసీ దాటి, బేగంబజార్ మీదుగా మొజంజాహీ మార్కెట్ తగిలి, నాంపల్లి పక్కనుంచి రెడ్‌హిల్స్ చేరాలి. మ్యాపులో చూస్తే నాలుగైదు కిలోమీటర్లు. సాయంత్రం వేళ ఆ దారి తెలిసినవాళ్లకి కిలోమీటర్ల లెక్క పనికిరాదని తెలుసు.

తండ్రి బిడ్డతో వెళ్తాడు. తోడుగా మేనత్తో అమ్మమ్మో. తల్లికి కోత కాన్పు అయింది, కుట్లు పచ్చిగా ఉన్నాయి, లేవలేదు. ఆమె పేట్లబుర్జులో, బిడ్డ నీలోఫర్‌లో. తండ్రి చేతిలో కాగితాల కట్ట ఉంటుంది, పాలు ఉండవు. అక్కడి నర్సు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, "తల్లి ఏదీ? పాలేవీ?"

ఈ విడదీయడంలోనే సగం కథ ఉంది. రొమ్ములో పాలు ఊరడం గిరాకీని బట్టి సాగే పని. తీసినకొద్దీ ఊరతాయి, తీయకపోతే ఆగిపోతాయి. బిడ్డ పక్కనుంటే ఆ పని వాడే చేసుకుంటాడు. పక్కన లేనప్పుడు తల్లి చేత్తో పిండాలి. కాన్పయిన మొదటి ఆరు గంటల్లోపే మొదలుపెట్టాలి. రోజుకు ఎనిమిది నుంచి పదిసార్లు, రాత్రుళ్లతో సహా. ఈ మాట ఆ తల్లికి ఎవరూ చెప్పరు. "బిడ్డ బాక్సులో ఉన్నాడు కదమ్మా, నువ్వు రెస్ట్ తీసుకో" అంటారు, ప్రేమగానే. మూడో రోజుకి రొమ్ములు గట్టిపడి, సలపరం పెట్టి, జ్వరం తగులుతుంది. ఆ నొప్పికి భయపడి ఇంకా ముట్టుకోదు. వారం తిరిగేసరికి పాలు ఆరిపోతాయి. డిశ్చార్జ్ అయి, కుట్ల మీద చెయ్యి పెట్టుకుని ఆటో దిగి, నీలోఫర్ మెట్లెక్కేసరికి ఆమె మీద తీర్పు రాసేసి ఉంటుంది. "దూధ్ నై ఉత్రా" అంటారు ఉర్దూలో. "పాలు పడలేదు" అంటాం మనం. మెడికల్ షాపులో డబ్బా పాలు కొని తెమ్మని తండ్రికి చీటీ వస్తుంది.

పాలు పడకపోవడం ఆ తల్లి లోపమే అన్నట్టు మాట్లాడతాం. ఆమె అత్త అంటుంది, పక్క మంచం వాళ్లు అంటారు, చివరికి ఆమే అనుకుంటుంది. పాలు తీయించాల్సిన పనిని ఆరు రోజులు ఏ సిబ్బందికీ అప్పగించని ఏర్పాటుని ఎవరూ ఒక్క మాట అనరు.

ఆ నాలుగు చుక్కలు

పిండటం అంటే లాగడం అనుకుంటారు చాలామంది. చనుమొనని లాగితే నొప్పి తప్ప పాలు రావు. చేతులు కడుక్కుని, గోరువెచ్చటి గుడ్డతో కాపడం పెట్టి, మొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున బొటనవేలు పైన, చూపుడువేలు కింద ఆనించాలి. ముందు ఛాతీ వైపు వెనక్కి అదిమి, అప్పుడు రెండు వేళ్లూ దగ్గరకు నొక్కాలి. వదలాలి, మళ్లీ నొక్కాలి. మొదటి నిమిషాల్లో ఏమీ రాదు. చేపు రావడానికి కొంచెం సమయం పడుతుంది. బిడ్డ ఫొటో చూసినా, బిడ్డని చుట్టిన గుడ్డ వాసన చూసినా చేపు త్వరగా వస్తుంది. అందుకే తెలిసిన నర్సులు తండ్రి ఫోనులో బిడ్డ వీడియో తీయించి తల్లికి పంపమంటారు.

తర్వాత మొన చివర పసుపుపచ్చటి చుక్క ఒకటి నిలబడుతుంది. జారదు, అంత చిక్కన. అదే ముర్రు. సిస్టర్ చిన్న సిరంజీ మూతి ఆనించి ఆ చుక్కని లాగుతుంది. అరగంట కష్టపడితే సిరంజీలో అర మిల్లీలీటరు ఉండొచ్చు. "ఇంతేనా సిస్టర్?" అని తల్లి ముఖం చిన్నబోతుంది. ఆ రోజు ఆ బిడ్డ కడుపుకి అంతే చాలు. పేరు, వార్డు, తేదీ, వేళ రాసిన చీటీ దాని మీద అంటిస్తారు. మింగడం కూడా రాని బిడ్డకయితే ఆ చుక్కల్ని బుగ్గల లోపలి పొర మీద రాస్తారు. ముర్రులో ఉండే రోగనిరోధక కణాలు అక్కడి నుంచే తమ పని మొదలుపెడతాయి.

బిడ్డ చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం... ఈ మూడూ ఒక లయలోకి వచ్చేది సుమారు 34 వారాలప్పుడు. అప్పటిదాకా నోటి గుండా పొట్టలోకి వేసిన సన్నటి గొట్టంతో పాలు పడతారు. సిరంజీ పైకెత్తి పట్టుకుంటే పాలు వాటంతట అవే దిగుతాయి. నొక్కరు. తర్వాతి దశలో ఉగ్గుగిన్నె. మన అమ్మమ్మల పెట్టెల్లో వెండిదో ఇత్తడిదో ఉండే ఆ ముక్కు గిన్నె ఇప్పుడు స్టీలుదై శిశువుల వార్డులో పనిచేస్తోంది. డాక్టర్లు దాన్ని తమిళం పేరుతో పాలాడై అంటారు. పాలసీసా కన్నా ఇది మేలని వైద్యశాస్త్రం తేల్చడం చూస్తే మనవాళ్ల తెలివికి ముచ్చటేస్తుంది. సీసా అలవాటైన బిడ్డ రొమ్ము పట్టడానికి మొరాయిస్తాడు. సీసా పీక శుభ్రం చేయడమూ కష్టమే.

ఇంత తిప్పలెందుకు, డబ్బా పాలు కలిపి పోస్తే పోలా? పోవచ్చు. నెల తక్కువ బిడ్డ పేగు ఇంకా పచ్చిది. ఆవుపాలతో తయారైన పొడిపాలు దాని మీద పడితే పేగు గోడ వాచి, చచ్చుబడి, చిల్లుపడే జబ్బు వచ్చే ముప్పు ఉంది. పొట్ట ఉబ్బుతుంది, మలంలో రక్తం పడుతుంది, కొందరికి ఆపరేషన్ తప్పదు, కొందరు దక్కరు. దాత తల్లుల పాలు తాగిన బిడ్డలతో పోలిస్తే పొడిపాలు తాగిన బిడ్డలకి ఈ జబ్బు ముప్పు దాదాపు రెట్టింపని అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. కన్నతల్లి పాలు అంతకన్నా మేలు. నెలలు నిండకుండా ప్రసవించిన తల్లి పాలలో మాంసకృత్తులు ఎక్కువ. ఆ బిడ్డ కోసమే తయారైన పాలవి.

ఇద్దరు యువరాణులు

ఇక్కడొక పక్కదారి పట్టాలి. పేట్లబుర్జు నుంచి వచ్చే దారిలో మొజంజాహీ మార్కెట్ ఉందని చెప్పాను కదా, ఆ పేరు ఏడో నిజాం రెండో కొడుకు మొజంజాది. ఆయన భార్య నీలోఫర్. భర్త పేరున్న మార్కెట్ దాటితే గానీ భార్య పేరున్న ఆస్పత్రి రాదు.

ఒట్టోమాన్ వంశపు ఆడపిల్ల నీలోఫర్, 1916లో ఇస్తాంబుల్‌లో పుట్టింది. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో పెళ్లి. అదే రోజు, అక్కడే ఆమె దగ్గరి బంధువు దుర్రు షెహ్వార్‌ని నిజాం పెద్ద కొడుకు ఆజంజాకి ఇచ్చి చేశారు. నీలోఫర్‌కి పిల్లలు కలగలేదు. 1949లో ఆమె ఇష్టంగా చూసుకునే పనిమనిషి రఫత్ కాన్పులో చనిపోయింది. సరైన వైద్యం ఉంటే బతికేదన్న బాధతో నీలోఫర్ పట్టుబట్టిందనీ, ఆ పట్టుదలే 1953లో ఆస్పత్రి అయిందనీ చెబుతారు. పిల్లలు లేని యువరాణి పేరు ఇవాళ తెలంగాణలో పసిపిల్లల ఆస్పత్రికి మారుపేరు. రెండో యువరాణి పేరుతో పాతబస్తీ నడిబొడ్డున, పురానీ హవేలీ దగ్గర పిల్లల ఆస్పత్రి నడుస్తోంది. హైదరాబాద్ వదిలి ఒకరు పారిస్‌లో, ఒకరు లండన్‌లో కన్నుమూశారు.

నీలోఫర్ గోడల మీద యువరాణి కథ ఉంటే ఉండొచ్చు గానీ, నాకు గుర్తుండేది రఫత్ పేరే. పనిమనిషి కాన్పు కష్టం మహల్ దాకా వినబడింది కాబట్టి ఆస్పత్రి వచ్చింది.

పాల బంధుత్వం

నీలోఫర్‌లో 'ధాత్రి' పేరుతో తల్లిపాల నిధి నడుస్తోంది. సుషేణ హెల్త్ ఫౌండేషన్ తోడ్పాటుతో వచ్చిన ఏర్పాటిది. తన బిడ్డకు పోను పాలు మిగిలిన తల్లి ఇక్కడ ఇవ్వొచ్చు. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, సిఫిలిస్ లేవని రక్తపరీక్షతో తేల్చుకున్నాకే తీసుకుంటారు. పాలని 62.5 డిగ్రీల వేడి మీద అరగంట ఉంచి, వెంటనే చల్లార్చి, సూక్ష్మజీవులు లేవని పరీక్షించి, మైనస్ 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టిస్తారు. తల్లి లేని బిడ్డకి, తల్లికి ఇంకా చేపు రాని బిడ్డకి ఇవి పోస్తారు. వేడి చేయడంలో కొన్ని మంచి కణాలు పోతాయి, అందుకే కన్నతల్లి పాలు దొరికితే ఇవి వాడరు. ఆసియాలో ఇలాంటి మొదటి నిధి 1989లో ముంబైలో, ధారావి పక్కనున్న సయాన్ ఆస్పత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ పూనికతో మొదలైంది. పేదల బస్తీ పక్కన, పొడిపాలూ సీసాలూ పక్కనబెట్టి, తల్లుల్నే వార్డులోకి పిలిచి బిడ్డల మరణాలు తగ్గించిన కథ అది. పాలని అమ్ముకోవడం మన దేశంలో నిషేధం. 2024 మేలో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ మాట మళ్లీ గట్టిగా చెప్పింది.

ఇక్కడే పాతబస్తీలో ఒక ప్రశ్న ఎదురవుతుంది. చాలా ఆస్పత్రుల్లో దాన్ని అడగనివ్వరు, లేదా మూఢనమ్మకమని కొట్టిపారేస్తారు. ఇస్లాంలో పాలకి బంధుత్వం ఉంది. ఒక స్త్రీ పాలు తాగిన బిడ్డ ఆమెకి బిడ్డే. ఆమె పిల్లలు ఆ బిడ్డకి తోబుట్టువులు, పెళ్లి కుదరదు. ఖురాన్ నాలుగో అధ్యాయంలో స్పష్టంగా ఉన్న నియమం. ప్రవక్త మహమ్మద్‌కి పాలిచ్చి పెంచిన హలీమాని ముస్లింలు ఇప్పటికీ తల్లిగా తలుచుకుంటారు. అక్బరుకి పాలిచ్చిన తల్లుల పిల్లలు ఆయన దర్బారులో పాల తమ్ముళ్ల హోదాతో చక్రం తిప్పారు. కాబట్టి, "ఎవరి పాలో తెలియకుండా నా కూతురికి పోస్తే, రేపు ఆమెకి తెలియకుండానే తమ్ముడి వరసవాణ్ని చేసుకుంటే?" అని ఒక తండ్రి అడిగితే అది అజ్ఞానం కాదు. తన ధర్మం ప్రకారం అడగాల్సిన ప్రశ్నే.

జవాబులు ఒకే రకంగా లేవు. పాతబస్తీలో ఎక్కువమంది హనఫీలు. వాళ్ల సంప్రదాయంలో ఒక్కసారి గొంతు దిగినా బంధుత్వమే. బార్కాస్‌లోని అరబ్బుల పూర్వీకులు యెమెన్ హద్రమౌత్ నుంచి షాఫియీ సంప్రదాయంతో వచ్చినవాళ్లు. వాళ్ల లెక్కలో కడుపు నిండా అయిదుసార్లు తాగితేనే. అనేకమంది పాలు కలిసిపోయి, ఎవరివో ఎంతో తేలని చోట బంధుత్వం రుజువు కాదు కాబట్టి అభ్యంతరం లేదని యూరప్ ఫత్వా మండలి 2004లో చెప్పింది. అంతకుముందు 1985లో జెద్దాలో కూర్చున్న పండితులు వద్దన్నారు. ఢాకాలో 2019లో పాల నిధి మొదలవబోయి ఆగిపోయింది. కరాచీలో 2024 జూన్‌లో మొదలుపెట్టి, మత పండితుల అభ్యంతరంతో ఆపేశారు. సింగపూర్‌లో దీనికి భిన్నంగా జరిగింది. 2017లో అక్కడి పిల్లల ఆస్పత్రి నిధి తెరిచేముందే ఇస్లామిక్ మండలిని కూర్చోబెట్టి మాట్లాడారు. నెల తక్కువ ముస్లిం బిడ్డలు ఆ పాలు తాగొచ్చని మండలి తీర్పిచ్చింది. మలేషియాలో, కువైట్‌లో ఇంకో దారి తొక్కారు. దాత ఎవరో రెండు కుటుంబాలకీ చెప్పి, పేర్లు రాసి ఉంచుతారు. బంధుత్వం ఏర్పడితే ఏర్పడింది, తెలిసి ఏర్పడింది.

హైదరాబాద్‌కి ఏ దారి పనికొస్తుందో డాక్టర్లు ఒక్కరే తేల్చలేరు. శిబ్లీగంజ్‌లో 1876 నుంచి జామియా నిజామియా ఉంది. ఫత్వా కోసం పాతబస్తీ చూసేది అటువైపే. పిల్లల డాక్టర్లూ ముఫ్తీలూ ఒక మధ్యాహ్నం కూర్చుని మాట్లాడి, తేలిన మాటని ఉర్దూలో తెలుగులో వార్డు గోడ మీద రాసి పెడితే చాలా ఇళ్లలో గుబులు తీరుతుంది. ఇంకో సంగతి మరవొద్దు. కన్నతల్లి పాలు వేళకు తీయించి బిడ్డకు చేరవేస్తే ఈ ప్రశ్న చాలామందికి ఎదురే కాదు.

తేడా ఎక్కడిది?

నెల తక్కువ కాన్పుల గురించి అమెరికాలో మాట్లాడితే ముందుగా జాతి ప్రస్తావన వస్తుంది. 2022లో అక్కడ నల్లజాతి తల్లుల కాన్పుల్లో నూటికి 14.6 నెల తక్కువవి, తెల్లజాతి తల్లుల్లో 9.4. చదువూ జీతమూ ఉన్న నల్లజాతి స్త్రీకీ ఆ ముప్పు తప్పడం లేదు. నల్లజాతి తల్లులు ఎక్కువగా వెళ్లే ఆస్పత్రుల్లో బిడ్డలు తల్లిపాలతో ఇంటికి వెళ్లేదీ తక్కువే. తల్లి ఒంట్లో లోపం వెతకడం మానేసి, ఆమెని చూసే తీరులో లోపం వెతకాలని అక్కడి పరిశోధకులు ఇప్పుడు గట్టిగా అంటున్నారు.

ఆ చట్రాన్ని ఎత్తి తెచ్చి పాతబస్తీ మీద పెడితే అతకదు. మన దేశంలో ముస్లింలు సగటున హిందువుల కన్నా పేదవాళ్లు, చదువు తక్కువ. అయినా దశాబ్దాలుగా ముస్లిం పసిబిడ్డల మరణాలు హిందూ బిడ్డల కన్నా తక్కువగా నమోదయ్యాయి. పరిశోధకురాలు సోనియా భలోత్రా బృందం 2010లో దీన్నో చిక్కుముడిగా ముందుపెట్టింది. గెరుసో, డీన్ స్పియర్స్ 2018లో ఒక జవాబిచ్చారు. ముస్లిం ఇళ్లలో, వాళ్ల ఇరుగుపొరుగులో మరుగుదొడ్ల వాడకం ఎక్కువ, అందుకే అని. మతం పేరుతో ఒంటి మీద ముద్రలు వేసేవాళ్లు ఈ రెండు పరిశోధనలూ చదవాలి.

అయితే ఆ లాభాన్ని తినేసేవి గల్లీలోనే ఉన్నాయి. తెలంగాణ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత. పాతబస్తీ ఇరుకు గదుల్లో ఆడవాళ్లు చేసే పని ఏ రిజిస్టరుకీ ఎక్కదు. లాడ్‌బజార్ లక్క గాజులకి రాళ్లు అద్దుతూ కొలిమి వేడి దగ్గర, జర్దోజీ చట్రం మీద నడుం వంచి, అగరుబత్తీలు చుడుతూ... డజను లెక్కన, ముక్క లెక్కన కూలీ. ఏడో నెలలో నడుం నొప్పంటే పని మానేది ఎవరు? మూత్రంలో మంట ఆడవాళ్లకి మామూలే అనుకుని ఊరుకుంటారు. నెలలు నిండకుండా నొప్పులు రావడానికి ఆ ఇన్‌ఫెక్షనే దారి తీయొచ్చు. ఏడాది తిరక్కుండా మళ్లీ కడుపు, పట్టించుకోని బీపీ... జాబితా పెంచను.

ఇదంతా ముస్లిం కథ అనుకోనక్కర్లేదు. గౌలీపురా, లాల్‌దర్వాజా ఇళ్లలో పనికి పోయే హిందూ ఆడకూలీకీ ఇదే కథ. కాన్పు తర్వాత కథ మరీ ఒకటి. రోజుకూలీ తండ్రి నెల రోజులు నీలోఫర్ చుట్టూ తిరిగితే ఇంట్లో పొయ్యి వెలగదు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా మెట్రోకి 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. పచ్చి బాలింత మాత్రం ఆటోకి రానూపోనూ డబ్బు చూసుకోవాలి. రోజుకి ఒక్కసారి వస్తే ఎనిమిదిసార్లు పాలు ఎలా ఇస్తుంది?

తల్లికి ఒక మంచం

1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే, హెక్టర్ మార్టినెజ్ అనే డాక్టర్లు నెల తక్కువ బిడ్డల్ని తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా కట్టడం మొదలుపెట్టారు. కంగారూ సంరక్షణ అలా పుట్టింది. బిడ్డ కుదుటపడ్డాకే కంగారూ అనేది చాలాకాలం నియమంగా ఉండేది. 2021లో వెలువడ్డ పెద్ద అధ్యయనం దాన్ని తిరగరాసింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో పాటు ఆఫ్రికాలోని నాలుగు దేశాల ఆస్పత్రుల్లో, కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్ని పుట్టీపుట్టగానే తల్లి ఛాతీ మీదకి చేర్చారు. మామూలు పద్ధతిలో నూటికి 15.7 మంది చనిపోతే, ఇలా చేసినచోట 12 మంది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. మిగతా బిడ్డల్ని దూరం పెట్టడం అన్యాయమని.

అందుకోసం వాళ్లు కొన్నది ఖరీదైన యంత్రం కాదు. శిశువుల ఐసీయూలో తల్లికి మంచం వేశారు. కాన్పు డాక్టరే అక్కడికొచ్చి కుట్లు చూసి వెళ్లారు. తల్లి అలిసిపోతే అమ్మమ్మో నాన్నో ఛాతీ ఇచ్చారు. రోజంతా ఛాతీ మీదున్న బిడ్డకి పాల కోసం ఎవరూ చీటీ రాయనక్కర్లేదు.

పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆస్పత్రులు, నీలోఫర్... మూడూ ఉస్మానియా మెడికల్ కాలేజీ కిందివే. బిడ్డని పంపితే తల్లినీ పంపాలి, ఆమెకక్కడ మంచం ఉండాలి. అదయ్యేదాకా కనీసం పాలు పంపాలి. రక్తం సంచులు నగరమంతా ఐసుపెట్టెల్లో తిరుగుతున్నాయి, పాలెందుకు తిరగవు? మూత గట్టి స్టీలు డబ్బా, ఐసు, పేరు రాసిన చీటీ, ఒక బైకు. ప్రతి ప్రసూతి వార్డులో పాలు తీయించడమే పనిగా ఉన్న ఒక మనిషి, ఉర్దూ తెలిసిన మనిషి. రాత్రి రెండింటికీ తట్టి లేపే మనిషి. ఇవి పెట్టలేనంత బీదది కాదు ఈ రాష్ట్రం.

చిల్లా నలభై రోజులు

ఇంటికొచ్చాక కథ మారుతుంది. పాతబస్తీ ఇళ్లలో కాన్పయిన నలభై రోజులు చిల్లా. జచ్చాకి, అంటే బాలింతకి, అచ్వానీ తాగిస్తారు. వాము, గోందు, డ్రైఫ్రూట్లు వేసి కాచిన ఆ ఘాటు పానీయం వాసన గల్లీ దాకా వస్తుంది. మన పథ్యం లాగా కడుపు మాడ్చే పద్ధతి కాదు. ఆమెకి విశ్రాంతి, తిండి, పని లేకపోవడం... పాలు పడటానికి ఇంతకన్నా ఏం కావాలి? ఈ ఆచారాన్ని డాక్టర్లు నెత్తిన పెట్టుకోవాలి. చిక్కు ఒకటే. చిల్లాలో గడప దాటకూడదంటారు. బిడ్డ నీలోఫర్‌లో ఉన్నప్పుడు ఆ ఒక్క కట్టు సడలించాలి.

పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాయడం, ఘుట్టీ పోయడం, మన ఇళ్లలోనయితే ఆముదమో చక్కెర నీళ్లో... ఇవి మటుకు వద్దు. నెల తక్కువ బిడ్డకి బొత్తిగా వద్దు. తేనెలో ఉండే ఒక క్రిమి పసిపేగులో విషం పుట్టిస్తుంది. రెండేళ్లు నిండా పాలివ్వమని ఖురాన్ రెండో అధ్యాయం చెబుతుంది. ముసలమ్మలతో వాదించేటప్పుడు ఆ మాట వాడుకోండి, పనిచేస్తుంది. డబ్బాపాల కంపెనీలు ఆస్పత్రుల్లో శాంపిళ్లు పంచడం, ప్రకటనలు ఇవ్వడం 1992 చట్టం ప్రకారం నేరం. ఎవరైనా మీ చేతిలో ఉచిత డబ్బా పెడితే ఫిర్యాదు చేయొచ్చు.

ఈ కథనం చదువుతున్న తల్లుల్లో పాలు మిగులుతున్నవారు ఉంటే, బిడ్డని వెంటబెట్టుకుని నీలోఫర్‌లోని ధాత్రికి వెళ్లి అడగండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో నెల తక్కువ బిడ్డ పుడితే, పాలు పడ్డాయా అని బాలింతని అడగొద్దు. ఆమె అన్నం మీరు వండి పంపండి, పెద్దపిల్లల్ని మీ ఇంట్లో ఉంచుకోండి, రోజూ ఆస్పత్రికి వెళ్లే ఆటో ఖర్చు మీరు పెట్టుకోండి. వార్డులోకి తల్లిని ఎందుకు రానివ్వడం లేదని మాత్రం తప్పకుండా అడగండి, డాక్టర్‌నీ, సూపరింటెండెంట్‌నీ, మీ ఎమ్మెల్యేనీ.